నీలమ్మ పాదాల కింది నీళ్ళు

రోజు 203

నీటి దఫ్తరులో రిమార్కుల గడి రెండు వేళ్ళ వెడల్పు ఉంటుంది. అందులో "ఉంది" అనో "లేదు" అనో రాస్తే చాలని కమిటీ రూలు. ఆరు నెలలుగా "లేదు" రాసి రాసి విసుగెత్తింది. ఈ రోజు దఫ్తరు తిరగేసి చివరి పేజీ నుంచి రాయడం మొదలుపెట్టాను. ఎవరైనా అడిగితే కాగితం దండగ చేశానని ఒప్పుకుంటాను.

నా పేరు ఓబుళమ్మ. మా ఊరు ఎర్రమిట్టలో నీళ్ళు వినే ఇమ్మురుకు కాపలా ఉంటాను. ఇమ్మురులు మనుషులు రాకముందు నుంచీ ఈ నేల మీద ఉన్న జాతి. కాపలా అన్నది కాగితం మీది మాట. చేసేది వంట, ఇల్లు ఊడ్చడం, పొద్దుపోని కబుర్లు. నాకు ముందు మా అత్త ఈ పని చేసింది. ఆమె పోయాక తొమ్మిదేళ్ళుగా నేను చేస్తున్నాను. ఇమ్మురు అసలు పేరు పలకాలంటే మనిషికి రెండు గొంతులు ఉండాలి. ఒళ్ళు వెలిసిపోయిన నీలి గుడ్డ రంగులో ఉంటుందని మా అత్త నీలమ్మ అని పెట్టింది.

పెద్ద సూర్యుడు లేవకముందే మిట్ట దిగి ఇసుకలోకి వెళ్తాం. నీలమ్మ పాదాలు చాటలంత ఉంటాయి. వాటిని చీలమండల దాకా ఇసుకలో పూడ్చుకుని, కళ్ళు మూసుకుని, నా మణికట్టు పట్టుకుంటుంది. కింద నీళ్ళు వినపడితే వేలితో తడుతుంది. ఎన్నిసార్లు తడితే అన్ని గజాల లోతు. లెక్కపెట్టడం నా వంతు. మా ఊరి పదకొండు బావులూ అలా దొరికినవే.

ఈ రోజు గంటసేపు నిలబడ్డాం. నా మణికట్టు మీద ఆమె చేయి ఊరికే ఉంది.

"ఈ పొద్దు గూడా మూగే ఓబుళమ్మా," అంది. తెలుగు మా అత్త దగ్గర నేర్చింది కాబట్టి అచ్చం ఆమెలాగే మాట్లాడుతుంది. వెనక నుంచి పిలిస్తే నేటికీ ఉలిక్కిపడి కొంగు సర్దుకుంటాను.

పెద్దబావిలో ముప్పై ఎనిమిదో మెట్టు బయటపడింది. ఇంకా పన్నెండే ఉన్నాయి. మనిషికి రోజుకు ఆరు చెంబులు ఇచ్చేవాళ్ళు, నాలుగు చేశారు.

రోజు 209

ముప్పై తొమ్మిదో మెట్టు.

ఇమ్మురులు జంటగా బతుకుతారు. జంటగా ఉన్నంతకాలం వాళ్ళకు నీళ్ళు వినపడవు. ఒకరికొకరు దూరమైతేనే, ఆ బెంగలోనే పాదాలకు చెవులు వస్తాయి. ఎలా అని నీలమ్మను అడిగితే, "నీకు ఆకలెట్లయితాది? అట్లనే," అంటుంది. మొదట వచ్చిన మన పెద్దవాళ్ళు ఈ సంగతి కనిపెట్టి ఒక జంటను బతిమాలారు. నీలమ్మ ఎర్రమిట్టకు, ఆమె జత పాలగుట్టకు. మధ్యలో పదకొండు రోజుల బండి ప్రయాణం. ఐదేళ్ళకని ఒప్పుకున్నారట. ఇప్పటికి పంతొమ్మిదేళ్ళు.

రెండు ఊళ్ళకూ ఒకటే రూలు. జత ఊసు ఎత్తకూడదు. కబురు చేరితే బెంగ తీరుతుందనీ, బెంగ తీరితే నీళ్ళు పోతాయనీ పెద్దల లెక్క. మా అత్త ఆ రూలును మడిలా పాటించింది. నేనూ పాటించాను. నాలుగేళ్ళ కిందట బోరుగుంత కూలి మా ఆయన హనుమన్న పోయిన తర్వాత మాత్రం ఆ రూలు గొంతులో ముల్లులా ఉంది.

మధ్యాహ్నం ఉప్పురాయి నాకుతూ కూర్చుని నీలమ్మ నా కాళ్ళ వైపు చూసింది. ఏం వండిపెట్టినా ఆమెకు పక్కన ఉప్పు ఉండాల్సిందే.

"నీ కాళ్ళకు గూడా ఇనపడతాదే."

"నాకా? మా ఆయన పోయినప్పుడు లోకంలో ఉండే బెంగంతా నాదే. ఒక్క చుక్క ఇనపడలేదు."

"ఆయప్ప రాడని నీకు తెలుసు గదా. ఎదురుచూసేది లేకుంటే యాడ ఇనపడతాది?"

నాకు కోపం వచ్చింది. గిన్నెలు కాస్త గట్టిగానే బోర్లించాను. తర్వాత అడగాలనిపించింది, మరి నీకు ఎదురుచూసేది ఇంకా మిగిలే ఉందా అని. అడగలేదు.

రోజు 214

ఈ రోజు నేను చేసిన పని రిమార్కుల గడిలో పట్టదు.

పది రోజులకోసారి రేడియోలో పాలగుట్ట కాపలామనిషి ఇమాంబీ, నేను బావుల మట్టాలు చెప్పుకుంటాం. ఆమె ముఖం నేను ఎప్పుడూ చూడలేదు, గొంతే తెలుసు. వాళ్ళకు కూడా ఏడు నెలలుగా కొత్త నీళ్ళు లేవు. అంకెలు చెబుతుండగా ఆమె వెనక నుంచి ఒక మూలుగు వినపడింది. రెండు గొంతులు కలిసిన మూలుగు.

"అదేంది ఇమాంబీ?"

"మావాడే అక్కా. సుంకన్న. సాయంత్రమయితే ఇట్లనే కూస్తాడు. మీ దిక్కు తిరిగి."

నీలమ్మ కూడా సాయంత్రాలు ఉత్తరం వైపు తిరిగి కూర్చుంటుంది. తొమ్మిదేళ్ళుగా గాలి కోసమని అనుకున్నాను. ఎంత మొద్దు మొహాన్నో!

"ఆ మైకు వాని దగ్గర పెట్టమ్మా," అన్నాను. ఆమె వెంటనే పెట్టింది. ఆమె కూడా ఎన్నాళ్ళుగానో ఎవరైనా అడిగితే బాగుండునని చూస్తున్నట్టుంది. ఆ కూత రికార్డు చేసి, తలుపు వేసి, నీలమ్మకు వినిపించాను.

ఆమె లేవలేదు, ఏడవలేదు. రేడియో పెట్టెను రెండు చేతులతో ఎత్తి పొట్టకు ఆనించుకుంది. తర్వాత అడిగింది.

"బతికే ఉండాడా?"

పంతొమ్మిదేళ్ళలో ఆ ఒక్క ముక్క కూడా ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ చెప్పనివాళ్ళలో నేనూ ఉన్నాను. సిగ్గుతో నా తల లేవలేదు.

రోజు 216

నలభయ్యో మెట్టు. నీలమ్మ పాదాలు రెండు రోజులుగా పూర్తిగా చచ్చుబడ్డాయి. ఇంతకుముందు అప్పుడప్పుడూ ఏదో గుసగుస వినపడుతుందనేది. ఇప్పుడు అదీ లేదు. వాడు పక్కనే ఉన్నట్టుందట. నవ్వుతోంది. నేను చూస్తే నవ్వు దాచుకుంటోంది.

కమిటీ పెద్ద చెన్నకేశవులు వచ్చాడు. నేను దాచలేదు. దాచడం నాకు చేతకాదు.

"ఊరి గొంతు కోసినావు కదమ్మా," అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. ఆయన కోడలికి నెలలు నిండాయి. నాలుగు చెంబుల నీళ్ళలో పురుడు ఎలా పోస్తారో నాకూ తెలియదు. రేడియో పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు.

రోజు 219

ఇరవై రెండు!

పొద్దున ఇసుకలో కాళ్ళు పెట్టిందో లేదో నా మణికట్టు మీద తట్టడం మొదలుపెట్టింది. నేను లెక్క తప్పి మళ్ళీ తట్టమన్నాను. మళ్ళీ ఇరవై రెండే. సాయంత్రానికి మనుషులు బోరు దించి నీళ్ళు చూశారు. సన్నటి ఊటే, అయినా తియ్యగా ఉంది. చెన్నకేశవులు దోసిట్లో పట్టుకుని తాగకుండా చాలాసేపు చూశాడు.

"ఎట్లమ్మా? బెంగ తీరింది గదా?"

"వాని కూత ఇన్నప్పుడు తీరింది," అంది నీలమ్మ. "ఇప్పుడు వాడు యాడుండాడో తెలిసె. తెలిసినాక పోవాలని ఉండాది. ముందు అది గూడా లేకపోయె."

నాకు అప్పుడు తెలిసింది. మన పెద్దలు ఆమె బెంగను కాపాడుతున్నామనుకుని ఆశను ఎండగట్టారు. ఆశ ఎండితే బెంగా ఎండింది, దాంతోపాటు నీళ్ళూ. పంతొమ్మిదేళ్ళు ఎంతో జాగ్రత్తగా తప్పు చేశాం.

రోజు 226

వారం రోజులు కమిటీతో కొట్లాడాను. ఊట సగమైంది, నీలమ్మ పాదాలు మళ్ళీ మందగించాయి. ఆమెను జత వైపు బండిలో తీసుకువెళ్తాను, దగ్గరయ్యే కొద్దీ ఆశ పెరిగి ఎక్కువ వినపడుతుంది, దారి పొడవునా గుర్తులు పెట్టుకుంటూ పోదాం అన్నాను. చివరికి ఒప్పుకున్నారు. పాలగుట్టవాళ్ళు కూడా ఒప్పుకున్నారట. ఇమాంబీ అటు నుంచి సుంకన్నతో బయలుదేరుతుంది. రెండు బండ్లూ ఆరో రోజుకు సగం దారిలో ఉన్న జంటగుండ్ల దగ్గర కలుసుకోవాలి.

సంతోషంతో సంచి సర్దుతుంటే చెన్నకేశవులు వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"ఐదో రోజు సాయంత్రం బండి తిప్పేయ్ ఓబుళమ్మా. చక్రం ఇరిగిందని చెప్పు, ఏమైనా చెప్పు. పాలగుట్టోళ్ళు గూడా ఇమాంబీకి ఇదే చెప్పినారు."

"కేశవులన్నా, అది మోసం."

"ఇద్దరూ కలిస్తే రెండూళ్ళకూ ఇనేటోళ్ళు ఉండరు. మూడు వందల ఇండ్లు. నీకు నేను చెప్పాల్నా?"

నేను తల ఊపాను. ఊపకపోతే బండి తాళం ఇవ్వడు. అబద్ధానికి ఊపానో నిజంగానే ఊపానో నాకే తెలియదు.

రోజు 229

ప్రయాణం రెండో రోజు. మూడు జెండాలు పాతాను. పదిహేడు గజాలు, ముప్పై ఒకటి, తొమ్మిది. తొమ్మిది గజాల చోట నేనే పారతో తవ్వితే ఇసుక తడిసి ముద్దయింది.

నీలమ్మ బండిలో కూర్చోలేకపోతోంది. చెప్పులు లేని పాదం ఒకటి బయటకు వేలాడేసి "ఆపు, ఆపు" అంటుంది. ఆపిన చోటల్లా నీళ్ళు. మధ్యమధ్యలో నన్ను ప్రశ్నలతో చంపుతోంది. నేను ముసలిదాన్నయినానా? ఈ మచ్చలు అప్పుడు లేవు కదా, వాడు గుర్తుపడతాడా? పెళ్ళిచూపులకు వెళ్ళే పిల్ల కూడా ఇంత సతాయించదు.

"గుర్తుపట్టకుంటే నేను చెప్తాలే, ఈమెనే నీ పెండ్లామని," అన్నాను. ఆమె రెండు గొంతులతో నవ్వింది. బండి అద్దం కంపించింది.

రోజు 231

నాలుగో రోజు. మొత్తం పదకొండు జెండాలు, తెచ్చినవన్నీ అయిపోయాయి. నా మణికట్టు కమిలింది. దిగే పని కూడా లేదు, బండి కదులుతుండగానే తడుతోంది. కుడివైపు దూరంగా ఏరు ఉందట, భూమి లోపల పారుతోందట, దాని చప్పుడు పళ్ళలో వినపడుతోందట. అరవై నాలుగు సార్లు తట్టింది. అంత లోతు నీళ్ళు ఇంతవరకు మా ఊరివాళ్ళెవరికీ దొరకలేదు.

ఇక్కడ నిజం రాయాలి. నాకు ఆశ పుట్టింది. ఒక రోజు దగ్గరైతే నాలుగు జెండాలు. రేపు తిప్పేసి, వచ్చే ఏడు మళ్ళీ తీసుకువస్తే మరో పదకొండు. ఇలా దగ్గరకు తీసుకువెళ్ళడం, వెనక్కి లాగడం, ఏటేటా. రెండు ఊళ్ళూ పచ్చగా ఉంటాయి. ఈ లెక్క చెన్నకేశవులు నా తలలో పెట్టలేదు. నేనే వేసుకున్నాను.

రోజు 232

ఐదో రోజు సాయంత్రం. చిన్న సూర్యుడు కూడా దిగుతున్నాడు. తిప్పాల్సిన చోటికి వచ్చి బండి ఆపాను. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.

"రేపేనా?" అంది నీలమ్మ.

నేను దారి వైపు చూశాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది, తట్టలేదు. కమిలిన చోట బొటనవేలితో రాసింది.

"తిప్పమన్యారా?"

నాకు ఏడుపు వచ్చింది. తొమ్మిదేళ్ళు ఈమెకు వండి పెట్టాను, ఈమె ఒళ్ళోనే హనుమన్న కోసం ఏడ్చాను. ఒకసారి, ఒక్కసారి ఆయన మళ్ళీ గడప దాటి లోపలికి వస్తాడంటే, మూడు వందల ఇళ్ళు కాదు, మూడు లోకాలు ఎండినా నేను ఆగేదాన్నా?

"తిప్పమన్యారు," అన్నాను. "తిప్పను."

"ఊరో?"

"పదకొండు జెండాలు పాతినాం. ముందు అవి తవ్వుకోనీ."

బండి ముందుకే నడిపాను. ఇమాంబీ తిప్పేసి ఉంటే? ఆ మాట పైకి అనలేదు. ఎదుటి బండి రాకపోతే నీలమ్మకు ఏం చెప్పాలో దారంతా వెతుక్కున్నాను.

రోజు 233

జంటగుండ్ల కింద మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఉత్తరాన దుమ్ము లేచింది. నా కళ్ళు మసకబారాయి, నీలమ్మ లేచి నిలబడటం చూశాక గానీ అది బండి అని నమ్మలేదు.

ఇమాంబీ నేననుకున్నదానికంటే పొట్టి. దిగుతూనే నా చేయి పట్టుకుని, "తిప్పమన్నారక్కా. చెయ్యి రాలేదు," అంది. ఆమె మణికట్టు కూడా కమిలి ఉంది.

సుంకన్న పరుగెత్తలేదు. నీలమ్మా పరుగెత్తలేదు. పాదాలు ఈడ్చుకుంటూ, ఇసుకలో పొడవాటి గీతలు గీస్తూ దగ్గరకు వచ్చారు. నుదుళ్ళు ఆనించుకున్నారు. నాలుగు గొంతులు ఒక్కసారిగా లేచాయి. నేను, ఇమాంబీ బండి చాటుకు వెళ్ళి కూర్చున్నాం. చూడకూడదనిపించింది. అన్నం మూట విప్పాను, ఇద్దరం తినలేదు.

సాయంత్రం నీలమ్మ నా దగ్గరకు వచ్చింది. పాదాలు ఇసుక మీద మామూలుగా ఉన్నాయి, ఊరికే నడిచే పాదాలు.

"ఏమీ ఇనపడలేదు," అంది. ఆ మాట అంత సంతోషంగా అనడం ఎప్పుడూ వినలేదు.

ఉప్పు సముద్రం వైపు వెళ్తారట, వాళ్ళు పుట్టిన చోటికి. నేను పోయిరమ్మని చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో ఆమె నా మణికట్టు పట్టుకుని మెల్లగా తట్టడం మొదలుపెట్టింది. అలవాటుగా లెక్కపెట్టాను. నూరు.

"నూరు గజాలా?"

"నూరు దినాలు. వచ్చి నిన్ను సూసి పోతా."

వాళ్ళు వెళ్ళాక ఇమాంబీ అంది, కలిసిన జంట మళ్ళీ మనుషుల దగ్గరకు వచ్చినట్టు ఎవరూ వినలేదని.

"తెలుసులే," అన్నాను.

రోజు 245

ఊరు చేరి ఏడు రోజులు. చెన్నకేశవులు నాతో మాట్లాడడు. కాపలా ఉద్యోగం తీసేశారు, కాపలా కాయడానికి ఎవరూ లేరు మరి. దఫ్తరు మాత్రం ఎవరికీ అక్కర్లేక నా దగ్గరే ఉంది. మా బండి వెనకే వచ్చి తవ్వినవాళ్ళకు పదకొండు జెండాల్లో ఆరు చోట్ల నీళ్ళు పడ్డాయి. అన్నీ దూరం, గొట్టాలు వేయాలి. దగ్గరి జెండా నుంచి పీపాల్లో తెస్తున్నారు. మనిషికి ఐదు చెంబులు. ఆయన కోడలికి ఆడపిల్ల పుట్టింది.

ఉప్పురాయి ఇంకా గూట్లోనే ఉంది. పొద్దున్నే లేచి రెండు చెంబులు పక్కన పెట్టి, అప్పుడు గుర్తొచ్చి ఒకటి తీసేస్తున్నాను.

రోజు 298

అరవై అయిదు అయ్యాయి. రాదని తెలుసు. నన్ను ఓదార్చడానికే అలా తట్టింది. అయినా గోడ మీద గీతలు గీస్తున్నాను. ఉత్తరం గేటు దగ్గరికి రోజుకోసారి నడిచి వస్తున్నాను. అడిగినవాళ్ళకు మోకాళ్ళ నొప్పులకు మంచిదని చెబుతున్నాను.

రోజు 329

తొంభై ఆరు. గేటు బయట నిలబడి ఉన్నాను. ఎండ మండుతోంది, చెప్పు తెగితే చేత్తో పట్టుకున్నాను. ఎడమ పాదం కింద చల్లగా అనిపించింది. పైన ఇసుక కాలుతోంది, చల్లదనం ఎక్కడో కింద. పెద్దింట్లో ఎవరో మూల గదిలో మాట్లాడుకుంటున్నట్టు ఒక చప్పుడు.

నా కుడిచేతి వేలు నా ఎడమ మణికట్టు మీద తడుతోంది. నేను తట్టడం లేదు, అదే తడుతోంది. లెక్కపెట్టాను. పద్నాలుగు.

రోజు 332

పద్నాలుగు గజాల దగ్గర బండ పగిలి నీళ్ళు ఎగజిమ్మాయి. ఊరి గేటుకు ఇరవై అడుగుల దూరంలో! పిల్లలూ పెద్దలూ ఒళ్ళంతా తడుపుకున్నారు. చెన్నకేశవులు మనవరాలిని ఎత్తుకొచ్చి దాని అరికాళ్ళు ఆ నీళ్ళలో ముంచాడు. తర్వాత నా పక్కన వచ్చి కూర్చున్నాడు. వంద రోజులకు మొదటిసారి నా మొహం చూసి మాట్లాడాడు.

"ఎట్ల ఇనపడె?"

చెప్పాను. నీలమ్మ కోసం ఎదురుచూస్తున్నందుకేనని, ఆమె వస్తానన్న రోజు రేపేనని కూడా చెప్పాను. ఆయన వేలితో నేల గీరాడు.

"వస్తే నీకు మళ్ళీ ఇనపడదు గదా?"

"ఇనపడదు."

"అయితే రాకుంటేనే మేలు గదా ఓబుళమ్మా," అన్నాడు మెల్లగా. చెడ్డ మనిషి కాదు. మూడు వందల ఇళ్ళు ఆయన తల మీద ఉన్నాయి. "రేపటి నుంచి ఉత్తరం గేటు మూయించమంటావా? ఊరికే, కొన్నాళ్ళు."

రోజు 333

నూరు.

చిన్న సూర్యుడు దిగాడు. ఉత్తరాన దుమ్ము లేదు. నా పాదాలు ఈ రోజంతా మోగుతూనే ఉన్నాయి. ఎటు అడుగు వేస్తే అటు నీళ్ళు. నా లోపల ఇంత బెంగ ఉంటుందని నాకే తెలియదు. ఆరు చోట్ల గుర్తు పెట్టి, జెండాలు పాతి, లోతులు దఫ్తరులో ముందు పేజీల్లో రాశాను. రిమార్కుల గడిలో "ఉంది" అని రాశాను.

గేటు మూయడానికి మనిషి వచ్చాడు. పొమ్మన్నాను. గేటు గాలికి మూసుకోకుండా అడ్డం పెట్టడానికి ఏమీ దొరక్క, ఇంట్లోంచి నీలమ్మ ఉప్పురాయి తెచ్చి పెట్టాను.